సంచీ కింద పేపరు

ఫ్యాను ఆపేశాను.
కిటికీ రెక్కలు మూసి, తలుపుకి గొళ్ళెం పెట్టి
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నాను.
గాలి కూడా లోపలికి రాకూడని అరగంట ఇది.
బయట కవిటి రోడ్డు మీద కొబ్బరి లోడు లారీ
గేరు మార్చుకుంటూ ఎక్కడికో పోతోంది.

దండాసి మంచం మీద చొక్కా ఎత్తి కూర్చున్నాడు.
బొడ్డు పక్కన గొట్టం.
జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడ్డ వేళ్ళతో
దాన్ని పట్టుకోవడం ఇంకా సిగ్గే ఆయనకి.

దూలానికున్న ఉయ్యాల కొక్కేనికి
రెండు లీటర్ల సంచీ తగిలించాను.
ముగ్గురు పిల్లలు ఊగిన కొక్కెం.
"నాలుగోది ఇదమ్మీ" అంటుంది లోలాక్షమ్మ,
"రోజుకి నాలుగుసార్లు పాలడుగుతాది."

రాత్రంతా కడుపులో ఉన్న నీళ్ళు
కింది సంచీలోకి దిగుతున్నాయి.
దిగినదాని కింద అచ్చుకాగితం పెట్టి చూడమన్నారు ట్రైనింగులో.
అక్షరాలు కనబడితే తేట.
కనబడకపోతే మబ్బు. మబ్బంటే జ్వరం, మబ్బంటే పలాస,
మబ్బంటే ఆటోకి తొమ్మిదొందలు.

ఇవాళ దొరికిన కాగితం మూడో పేజీ:
'ఇంటి వద్ద ఆరోగ్య సేవల బిల్లు, శాసనసభ ముందుకు'.
ఆయన ఒంట్లోంచి వచ్చిన నీళ్ళలోంచి
నేను చట్టం చదువుతున్నాను.

'సేవా ప్రదాత': అది నేను కాబోలు.
'లబ్ధిదారు': దండాసి.
'సందర్శన ఒక్కంటికి నలభై నిమిషాలు.'
సంచీ కాస్త జరిపాను.
'నిధుల లభ్యతకు లోబడి'
ఈ ముక్క మాత్రం ఎంత తేటగా కనబడిందో,
ప్రెస్సువాడు సిరా ఎక్కువేసినట్టు.

"బిల్లంటే ఏటమ్మీ? మనం కట్టాలా?"
కాదమ్మా, గవర్నమెంటు కట్టాల్సింది.
"అలాగైతే ఎప్పుడు కడతారంట?"
సంచీ ఇంకోవైపు తిప్పాను. తేదీ అక్కడ లేదు.

నలభై నిమిషాల్లో పదకొండు
హాజరు ఫొటోకే పోతాయి నాకు.
యాప్‌కి సిగ్నలు కావాలి, సిగ్నలుకి
జీడితోట గట్టెక్కాలి.
అక్కడ నిలబడి ఫొటో తీసుకుంటేనే
నేను ఇక్కడ పనిచేసినట్టు.

రాత్రి పది గంటల సంచీ ఎవరు మార్చారు?
తుఫాను రోజు కరెంటు లేక
సంచీని తన పొట్టకి చీరతో కట్టుకుని
వెచ్చబెట్టింది ఎవరు?
రోజుకి ఇన్ని గ్లాసులే నీళ్ళని
గోడ మీద బొగ్గుతో గీతలు గీసి,
ఆయన తాగలేదని తనూ తాగని మనిషిని
చట్టం ఏ మాటతో పిలుస్తుంది?
పేపరంతా వెతికాను.
ఒక మడతలో 'కుటుంబ సభ్యులు తదితరులు' అని ఉంది.

తదితరులు వంటింట్లో
ఉప్పులేని చోడి అంబలి కలుపుతున్నారు.

పోయిన నెల సోంపేటలో అభిప్రాయ సేకరణ అన్నారు.
నాకు మూడు నిమిషాలిచ్చారు.
రాసుకున్నాను కూడా: పెట్రోలు, గ్లవ్సులు,
నాలుగు నెలల జీతం బకాయి.
ఆ రోజే బెండి అప్పలసూరికి నీళ్ళు దిగలేదు.
గొట్టంలో ఏదో పోగు అడ్డుపడింది.
పక్కకి తిప్పి పడుకోబెట్టి, లేపి, నడిపించి,
దిగేసరికి మధ్యాహ్నం.
నా మూడు నిమిషాలు ఎవరు మాట్లాడుకున్నారో.

అయినా ఈ బిల్లు కావాలి నాకు.
తిట్టుకుంటూనే కావాలి.
ఆ వంకర మాటల్లోంచే ఒక నర్సు రావాలి,
సంచీల పెట్టె నెల మొదట్లో రావాలి,
లోలాక్షమ్మ ఒక్క రాత్రి నిద్రపోవాలి.

చేపల కాటాకి సంచీ తగిలించాను.
ముల్లు ఊగి ఊగి నిలబడింది.
రెండు కేజీల మూడొందలు.
"రాయమ్మీ" అన్నాడు దండాసి, "మూడొందలు లాభం."
నవ్వాడు. చాన్నాళ్ళకి.

ఫ్యాను వేశాను.
పేపరు ఓ మూల తడిసింది.
లోలాక్షమ్మ దాన్ని పారెయ్యనివ్వలేదు.
ఎండలో ఆరబెట్టి, మడిచి,
రేపటి సంచీ కిందికని దాచింది.